నాలుగు మిలియన్ల నాన్న

వాదనలన్నీ నేను బాత్రూంలోనే గెలుస్తాను. మా ఆఫీసరూ, మా అపార్టుమెంటు సెక్రటరీ, పెళ్లినాటి నుంచీ నన్ను చిన్నచూపు చూస్తున్న మా పెద్ద బావమరిదీ, ఒక్కొక్కరినీ ఎదురుగా నిలబెట్టి, మగ్గుడు నీళ్లు నెత్తిన పోసుకునేంతలో నోరు మూయించేస్తాను. అంత చక్కటి మాటలు బయట ఎందుకు రావో తెలీదు. తువ్వాలు చుట్టుకుని తలుపు తీసేసరికి ఒక్కటీ గుర్తుండదు. గుర్తున్నా లాభం లేదు. ఎదురుగా మా ఆవిడ నిలబడి, "లోపల ఎవరితో అండీ మాటలు? గీజరు కట్టేశారా?" అంటుంది. గీజరు కట్టి ఉండను.

"ఇలా లేనిపోనివి ఊహించుకోవడాన్ని ఫాంటసీ అంటారు నాన్నా" అంది మా అమ్మాయి.

"మన తెలుగులో పనిలేకపోవడం అంటారు" అంది మా ఆవిడ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

మీ ఇంట్లోనూ ఇదే నిఘంటువు నడుస్తుండాలి.

ఇందులో నన్నొక్కణ్ణే అనడం అన్యాయం. చిన్నప్పుడు మా అమ్మ ముద్దముద్దకీ ఒక మాంత్రికుణ్ణి కలిపి పెట్టింది నాకు. చందమామ 1947 జూలైలో మొదలైతే, ఎప్పటెప్పటివో సంచికలు ఏరి బైండు చేయించి పెట్టెలో దాచాడు మా తాతయ్య. దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ చదివి పడుకున్న పిల్లాడు పొద్దున్నే లేచి ఎక్కాలు వల్లిస్తాడా? పదమూడో ఎక్కం ఇప్పటికీ నాకు రాకాసిలోయే. మా అబ్బాయి ముందు ఆ మాట పైకి అనకండి.

ఫాంటసీ అన్న మాట అప్పట్లో మా ఊళ్లో ఎవరి నోటా వినలేదు. కత్తీ కిరీటం ఉంటే జానపదం. ప్యాంటూ చొక్కా వేసుకున్న మనలాంటి వాళ్ల మధ్యకి దేవకన్యో యమధర్మరాజో దిగితే అది సోషియో ఫాంటసీ అని తర్వాత సినిమా పేజీలు చదివి తెలుసుకున్నాం. నన్ను చెడగొట్టింది ఆ రెండోదే. కత్తియుద్ధం నావల్ల కాదని నాకు చిన్నప్పుడే తెలుసు. దేవకన్యే దిగివచ్చేటట్టయితే మనం చెయ్యాల్సిందేమీ లేదు కదా!

‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలైంది, కోస్తాని పెనుతుపాను కొట్టిన రోజునే. నీళ్లు తీసి, కరెంటొచ్చి, మా తాలూకా హాల్లోకి బొమ్మ దిగాక చూశాను. ఇంద్రుడి కూతురి ఉంగరం ఒక టూరిస్టు గైడుకి దొరుకుతుంది. దానికోసం ఆవిడ అతని ఇంటికే వస్తుంది. అంతే, ఆ వేసవి నుంచి నేను నేల చూస్తూ నడవడం నేర్చుకున్నాను. సోడా మూతలు దొరికాయి. ఒకసారి ఎవరిదో సైకిలు తాళం దొరికింది. ఆ అలవాటు పెళ్లిచూపుల దాకా వచ్చింది. చాప అంచున ఏదో తళుక్కుమంటుంటే నేను దానివంకే చూస్తూ కూర్చున్నాను. కుర్రాడు ఎంత అణకువగా ఉన్నాడో అని మా మామగారు అక్కడే మాట ఇచ్చేశారు. ఆ మెరిసింది పిన్నీసు. అది మా ఆవిడదే, చీర కుచ్చిళ్ల నుంచి జారిందట. ఇంద్రుడి కూతురు కాదుగానీ, వస్తువు కోసం వచ్చి ఇంట్లోనే ఉండిపోయింది, కథలో ఆ మేరకు తేడా లేదు.

మా అమ్మకి మాత్రం ఇప్పటికీ ‘పాతాళ భైరవి’ తర్వాతే ఏదైనా. టీవీలో ఎప్పుడొచ్చినా ఆవిడ మందులు కూడా ఇంటర్వెల్‌కే వేసుకుంటుంది. 1951 నాటి బొమ్మ. తోటమాలి కొడుకు తోట రాముడు రాకుమారి కోసం మాంత్రికుడి వెంట వెళ్లి, తను బలి కావలసిన చోట మాంత్రికుణ్ణే బలిచ్చి, కోరిందల్లా ఇచ్చే బొమ్మని చేత పట్టుకుని వస్తాడు. రాత్రికి రాత్రి మేడ లేస్తుంది. ఆ మేడ చూసినప్పుడల్లా నా గుండె ఒక అంగుళం పైకి లేస్తుంది.

"ఆ బొమ్మ నాకు దొరికితేనా..." అన్నాను మొన్నొకసారి.

"ఏమడుగుతారు?" అంది మా ఆవిడ. ఇలాంటి ప్రశ్న ఆవిడ అమాయకంగా అడగదని నాకు తెలిసి ఉండాల్సింది.

"ముందు ఒక మేడ."

"ఊడ్చేదెవరు?"

"పనిమనిషిని కూడా అడుగుతా."

"ఆదివారాలు రాదు. పండగకి రెండు నెలల జీతం అడుగుతుంది. మేడంటే అడ్వాన్సు కూడా అడుగుతుంది."

నేను మేడని డూప్లెక్స్ చేశాను. ప్లాను ఎవరు పాస్ చేస్తారంది. మూడు గదుల ఫ్లాటుకి దిగాను. కారు పార్కింగు ఉందా అంది. చివరికి ఆ పాతాళంలో, అంత పొగలో, సాక్షాత్తూ శక్తి ప్రత్యక్షమై నిలబడితే నేను అడిగింది మా బోరు మోటారుకి కొత్త కెపాసిటర్. మా ఆవిడ తృప్తిగా తలూపి, "అదీ, పనికొచ్చేది అడిగారు" అని లేచింది. మా అమ్మ టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, "రాముడి తల్లిని ఒక్కడన్నా అడిగాడా, నీకేం కావాలమ్మా అని?" అంది. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది.

తెలుగువాడికి ఇంకో ముచ్చట ఉంది, గమనించారా? మనకి యమలోకం వెళ్లి యముడితో గొడవ పెట్టుకోవాలని ఉంటుంది. ‘దేవాంతకుడు’ 1960లో, ‘యమగోల’ 1977లో, ‘యముడికి మొగుడు’ 1988లో, ‘యమలీల’ 1994లో. కొన్నేళ్లకోసారన్నా ఆ మహానుభావుణ్ణి ఏడిపించకపోతే మనకి నిద్రపట్టదు. ఆ ముచ్చటకి కారణం నాకు తెలుసనుకుంటాను. ఇంట్లో గెలవలేనివాడికి అంతకంటే పెద్ద కోర్టు ఇంకేముంది?

నేను లెక్కల గుమాస్తాని. కాబట్టి నా యమలోకంలో గదలూ దున్నపోతులూ ఎక్కువగా ఉండవు, ఆడిట్ ఉంటుంది. భోజనమయ్యాక పడక్కుర్చీలో వాలి కళ్లు మూస్తే చాలు, నేను చిత్రగుప్తుడి ముందు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటాను. "ఏమయ్యా, ఈ ఎంట్రీకి వోచరేది? ఈ కొట్టివేత మీద సంతకమేది?" అంటాను. ఆయన చెమటలు తుడుచుకుంటాడు. యముడు నాకు మజ్జిగ తెప్పిస్తాడు. చాలాకాలం బాగానే నడిచింది ఈ వ్యవహారం. ఒకరోజు నా పేజీ తియ్యమన్నాను, దర్జాగా. తీశాడు. దస్తూరీ ఎక్కడో చూసినట్టుందే అనుకుని వంగి చూద్దును కదా, మా పాల లెక్క పుస్తకంలోని దస్తూరీ! ఏ తేదీన కొత్తిమీర మర్చిపోయానో, ఏ పండక్కి మా చిన్న బావమరిదొస్తే మొహం ముడుచుకున్నానో, తేదీవారీగా, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేతా లేకుండా ఉంది. "అమ్మగారి దగ్గర్నుంచే కాపీ తెప్పించుకుంటాం, మా దాంట్లో తప్పులుంటాయండీ" అన్నాడు చిత్రగుప్తుడు. కళ్లు తెరిచాను. ఎదురుగా ఆవిడ నిజంగానే పాల లెక్క రాసుకుంటోంది. నేను పడక్కుర్చీ వరండాలోకి మార్చుకున్నాను.

చదువుకున్నవాణ్ణని ఒకసారి ఫ్రాయిడ్‌ని అడ్డం పెట్టుకోబోయాను. ఆయన 1908లో పగటికలల మీద ఒక వ్యాసం అచ్చువేశాడు. పిల్లలు ఆడుకుంటారు, పెద్దయ్యాక ఆ ఆటలే ఊహలవుతాయి, కవులు ఆ ఊహల్నే నలుగురికీ నచ్చేలా చెబుతారు అని. అన్నం తింటూ ఇదంతా వివరించాను. నన్ను కవులతో ఒకే పంక్తిలో కూర్చోబెట్టినందుకు ఆయన మీద నాకు గౌరవం పొంగిపోతోంది. ఆ పొంగులో నోరు జారి, "ఆయన ఇంకోటి కూడా అన్నాడు. సుఖంగా ఉన్నవాడు ఊహల్లోకి పోడట, అసంతృప్తి ఉన్నవాడే పోతాడట" అనేశాను.

గరిటె కంచం మీద ఆగింది.

"అయితే మీకేం అసంతృప్తి?" అంది మా ఆవిడ, చాలా మెత్తగా.

ఇక్కడ పెళ్లయిన పాఠకులు ఒక్క క్షణం నాకోసం మౌనం పాటించండి. ఆ పూట కాకరకాయ కూర మూడుసార్లు అడిగి వేయించుకున్నాను. కూరలో చేదే లేదన్నాను. ఫ్రాయిడ్ వియన్నావాడు, ఆయనకి మన కాపురాలేం తెలుసన్నాను. అయినా ఆ ప్రశ్న ఇంకా మా ఇంట్లోనే తిరుగుతోంది. పెట్రోలు ఎక్కువ కొట్టించానంటే చాలు, "అసంతృప్తేమో" అంటుంది.

ఇప్పుడు మా అబ్బాయి సంగతి. వాడి గదిలోంచి "ఫాంటసీ టీం, కెప్టెన్" అని మాటలు వినపడుతుంటే మా ఆవిడ గుండె గుభేలుమంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. పేపర్లో అదంతా చదివిన మనిషి కాబట్టి నేరుగా వెళ్లి, "ఎంత పోగొట్టావురా?" అంది. పైసా లేదు, ఇది ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగుది, ఊరికే ఆడుకునేది అని వాడు గంటసేపు ఒట్లేసి నమ్మించాడు. ఆట ఇలా ఉంటుంది. 100 మిలియన్ల పౌండ్లు ఉత్తుత్తి డబ్బు ఇస్తారు. దాంతో పదిహేనుమంది నిజం ఆటగాళ్లని కొనుక్కోవాలి. పదకొండుమంది మైదానంలో, నలుగురు బెంచీ మీద. అక్కడ నిజంగా ఎలా ఆడితే ఇక్కడ వీడికి అలా పాయింట్లు. కెప్టెన్‌కి రెట్టింపు.

ఈ ఫాంటసీ లీగుల వెర్రి ఇంతగా అంటుకున్నది అమెరికాలో 1980లో, బేస్‌బాల్‌తో. డేనియల్ ఓక్రెంట్ అనే ఆయనా స్నేహితులూ కలిసి భోంచేసే న్యూయార్క్ హోటలు పేరే దానికి పెట్టుకున్నారు. అన్నం దగ్గర పుట్టింది కాబట్టి మా ఇంట్లోనూ అన్నం దగ్గరికే వచ్చింది. అక్కా తమ్ముడూ కలిసి పాత క్యాలెండరు కాగితం వెనక మా ఇంటి లీగు ఒకటి తయారుచేశారు. పదిహేనుమందికి ఇంట్లో జనం చాలక పనిమనిషినీ, పాలబ్బాయినీ, పక్క ఫ్లాట్లవాళ్లనీ కలుపుకున్నారు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అతికించారు. పొద్దున కాఫీకి పాలు తీయబోయి చూశాను.

అమ్మ, పద్నాలుగు మిలియన్లు, కెప్టెన్. నానమ్మ, తొమ్మిదిన్నర, వైస్ కెప్టెన్. పనిమనిషి, పదకొండు. ఎదురింటి అంకుల్, ఏడున్నర. మా సింకు కింద పైపు బాగుచేసినందుకట. పాలబ్బాయి, ఆరు. అందరికంటే కింద, పెన్సిలుతో: నాన్న, నాలుగు.

"పెన్సిలెందుకురా?" అన్నాను. అడగాల్సింది అది కాదని తర్వాత తట్టింది.

"నిజం ఆటలో కూడా నాలుగు మిలియన్లవాడు ఒకడు ఉండాలి నాన్నా" అన్నాడు వాడు ఓదార్పుగా. "పెద్ద ప్లేయర్లకి డబ్బు మిగలాలి కదా. అందుకని బెంచీ మీదకి చవగ్గా ఒకణ్ణి తీసుకుంటాం. వాడు ఆడకపోయినా ఏం పర్లేదు. వాడుండటమే మనకి లాభం."

ఒక తండ్రి గురించి కొడుకు ఇంత నిజాయితీగా చెప్పడం నేనెక్కడా వినలేదు. రేటు పెంచమని బతిమాలాను. ఫాంలోకి వస్తే పెరుగుతుందన్నారు. ఆ రోజు నుంచి మంచినీళ్ల సీసాలు నింపాను, దోమతెరలు దించాను, చెత్త కవరు పట్టుకుని కిందికి దిగాను. పాయింట్లు పడ్డాయి కూడా. ఫ్రిజ్ తలుపు తీసి ఆ కాగితం చదువుకుంటూ నిలబడ్డందుకు పసుపుకార్డు, మైనస్ ఒకటి.

తర్వాత మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది. కెప్టెన్ ఆడకపోతే వైస్ కెప్టెన్‌కి రెట్టింపు, ఖాళీ అయిన చోట్లోకి బెంచీ మీదవాడు దానంతటదే దిగుతాడు. ఇది వాళ్ల రూలు. మా అమ్మ సోఫాలో కూర్చుని రెట్టింపు పాయింట్లు తీసుకుంది. నేను మైదానంలోకి దిగాను. ఇడ్లీల్లోకి కొబ్బరిచట్నీ చేసి ఈ కుర్రకారు కళ్లు తెరిపిద్దామని మిక్సీ గిన్నెలో కొబ్బరీ పచ్చిమిర్చీ వేసి, నీళ్లు పోసి, మీట తిప్పాను. మూత పక్కనే ఉంది, కడిగి బోర్లించి, శుభ్రంగా. చట్నీ ముందు చొక్కాకీ, తర్వాత కళ్లద్దాలకీ, మిగిలింది సీలింగుకీ అంటింది. అమ్మాయి పరుగెత్తుకొచ్చి తువ్వాలు ఇచ్చింది. అబ్బాయి తీరిగ్గా వచ్చి, పెన్సిలు తడిచేసుకుని, "సెల్ఫ్ గోల్. మైనస్ రెండు" అని రాశాడు.

ఫ్యాన్సీ అన్న ఇంగ్లీషు మాట ఫాంటసీ కుదించుకుపోగా వచ్చిందేనని ఎక్కడో చదివాను. మా బెజవాడ బీసెంట్ రోడ్డులో ఫ్యాన్సీ షాపు ముందు సంచులు పట్టుకుని నిలబడ్డప్పుడు అది నిజమేననిపిస్తుంది. లోపల మా ఆవిడ పిన్నుల దగ్గర, అమ్మాయి గాజుల దగ్గర. బయట నేను. జేమ్స్ థర్బర్ 1939లో వాల్టర్ మిటీ అనే అమాయకుడి కథ రాశాడు. పెళ్లాన్ని బ్యూటీపార్లర్ దగ్గర దింపి, ఆవిడ చెప్పిన బూట్లూ కుక్క బిస్కెట్లూ కొనుక్కొస్తూ, దారిలో ఆయన యుద్ధ విమానాలు నడుపుతాడు, గొప్ప ఆపరేషన్లు చేస్తాడు. మిటీ నాకు అన్నగారి వరస. కాకపోతే ఆయన ఊహలు ఖరీదైనవి. నేను ఆ షాపు మెట్ల మీద మహా అయితే అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుణ్ణవుతాను. వాటరు ట్యాంకరు గురించి ఆవేశంగా మాట్లాడుతుంటాను, జనం చప్పట్లు కొడుతుంటారు. "ఏవండీ, ఒక సంచీ కింద పెట్టేశారేమిటి?" అని వినిపించాక గానీ చప్పట్లు ఆగవు. మా సంఘానికి కోశాధికారి మా ఆవిడే. ఏకగ్రీవం.

ఇక నా ఊహల్లో చివరిది, అన్నిటికంటే దాచుకున్నది, మీకు మాత్రమే చెబుతున్నాను. నాకు సన్మానం జరుగుతుంటుంది. పెద్ద హాలు. వేదిక మీద సింహాసనం లాంటి కుర్చీ, ఎర్ర వెల్వెట్టుది. శాలువా కప్పుతుంటే "అబ్బే, నాకెందుకండీ ఇవన్నీ" అనే మాటని ఎంత మెల్లగా అనాలో, అంటూ మెడ ఎంత వంచాలో, అద్దం ముందు సరిచూసుకున్నాను కూడా. అమ్మాయి చూసేసింది.

తను ఎప్పుడూ లావుపాటి ఫాంటసీ నవలలు చదువుతుంటుంది. టోల్కీన్ ఉంగరాల కథ మూడు భాగాలు, 1954, 55ల్లో వచ్చినవి, మ్యాపులతో సహా వచ్చు తనకి. అందులోనూ ఉంగరమే అనేసరికి నాకు ఆశపుట్టింది. కానీ అది దొరికినవాణ్ణి తినేసే ఉంగరమట. దాన్ని పారేయడానికే అంత ప్రయాణమట. "మాయకి కూడా రూల్సుంటాయి నాన్నా. ఊరికే ఏదీ రాకూడదు. దేనికైనా ఒక కారణం, ఒక ఖర్చు ఉండాలి" అని, నా సన్మానాన్ని పరీక్షకి తీసుకుంది.

"హాల్లో ఎంతమంది?"

"ఐదారొందలు."

"ఎందుకొచ్చారు?"

నా దగ్గర జవాబు లేదు. "టిఫిను పెడతారు" అన్నాను.

"అది ఓకే. నమ్మొచ్చు. సన్మానం దేనికి?"

"రచనలకి."

"ఎన్ని పుస్తకాలు?"

"...హాలు చిన్నది చేద్దామా?" అన్నాను.

వందమందికి తగ్గించాం. తర్వాత యాభై. కుర్చీకి వెల్వెట్టు తీసేశాం. మొదటి వరసలో మాత్రం మీ అమ్మ ఉండాలి, నన్ను చూసి కళ్లు తుడుచుకోవాలి, అది కదపడానికి వీల్లేదన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ అంతా వింటోందని అప్పుడు తెలిసింది.

"ఏ రోజండీ?" అంది.

"ఏముంది, ఏదో శనివారం సాయంత్రం."

"శనివారం నాకు కుదరదు. మా పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షను."

ఎంత చెప్పినా వినలేదు. మీ ఊహ కోసం మా పిన్నిచేత మాట పడమంటారా అంది. న్యాయమే.

కాబట్టి సాహితీ సంస్థలవారికి నా మనవి. నన్ను సన్మానించే ఉద్దేశం మీలో ఎవరికైనా ఉంటే ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత పెట్టుకోండి. ఆ రోజు మా ఆవిడకి వీలవుతుంది, కనుక్కున్నాను. శాలువా వద్దు, బీరువాలో చోటు లేదట. దాని బదులు మూత గట్టిగా పట్టే మిక్సీ గిన్నె ఒకటి ఇప్పిస్తే చాలు.